ఉద్దానము, పలాస, టెక్కలి ప్రాంతములలో వేసవి పశుపోషణ

ఇచ్ఛాపురము మొదలు వజ్రపుకొత్తూరు వరకు సముద్రతీరమున వ్యాపించిన ఇసుక నేలలును, ఎఱ్ఱ గరువులును ఉద్దానమని పేరొందినవి. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి ఇచ్చటి ముఖ్య వృక్షములు. దీనికి పడమట పలాస, మందసల ప్రక్క మహేంద్రగిరి దిగువ మెట్టలును, దక్షిణమున టెక్కలి చుట్టును గల వరి పల్లములును కలవు. ఈ మూడు తావులందును భూవసతి గల అనేక కుటుంబములకు ఒక జత యెడ్లు, రెండు మూడు ఆవులు, ఒక గేదె ఉండుట పరిపాటి. ఫాల్గుణము మొదలు జ్యేష్ఠము వరకు ఈ చిన్న మందను నిలుపుకొనుట ఎట్లు అనునదియే ఇచ్చట వివరింపబడుచున్నది.

వేసవిలో పశువు చిక్కుటకు ఎండయే కారణమని పలువురు తలంతురు. ఎండ కొంతవరకే కారణము. సంక్రాంతినాడు కుప్పలో నున్న గడ్డిని, సాలలో నున్న పశువులను ప్రక్కప్రక్కన పెట్టి లెక్క చూడకపోవుట అంతకంటె పెద్ద కారణము. మేత చాలదని పుష్యమాసమున తెలిసిన రైతునకు ఉపాయములు పెక్కు కలవు. అదే సంగతి వైశాఖమున తెలిసిన రైతునకు సంతయొక్కటే మిగులును. ఆ దినములలో అందఱును అమ్మువారే గాని కొనువారుండరు.

1. నష్టము ఎచ్చట కలుగును

మేత చాలని పశువు మొదట తన ఒంటి కండను తానే కరగించుకొనును. పాలు ఒక్కసారిగా తగ్గవు గనుక రైతునకు కీడు వెంటనే కానరాదు. నెల గడచిన పిమ్మట పాలు సగమగును, ప్రక్కటెముకలు తేలును, ఆవు ఎదకు రాదు. ఒక ఎద తప్పిన యెడల ఇరువదియొక్క దినములు పోవును. నాలుగైదు ఎదలు తప్పిన యెడల ఈత మధ్యకాలము మూడు నాలుగు నెలలు పెరిగి, రాబోవు పాడియు అంత కాలము వెనుకబడును. చూడి ఆవు చిక్కినచో దూడ బలహీనముగ పుట్టును. ఎద్దు చిక్కినచో తొలకరి దుక్కి నాటికి కాడి మోయజాలదు. ఇట్లు వేసవిలో మిగిల్చితి ననుకొన్న గడ్డి విలువకంటె అనేక రెట్లు నష్టము వర్షకాలమున బయటపడును.

2. పుష్యమాసపు లెక్క

ఒక కుటుంబమునకు దుక్కి యెడ్లు రెండు, పాడి ఆవు ఒకటి, వట్టిపోయిన ఆవు ఒకటి, పాడి గేదె ఒకటి, పెయ్య ఒకటి ఉన్నవనుకొందము. ఎద్దునకు రోజుకు 6 కిలోల వంతున 12 కిలోలు, ఆవునకు 5 కిలోల వంతున 10 కిలోలు, గేదెకు 7 కిలోలు, పెయ్యకు 3 కిలోలు, వెరసి దినమునకు 32 కిలోల వరిగడ్డి కావలెను. ఫిబ్రవరి మొదలు జూను చివర వరకు 150 దినములు. వాన ఆలస్యమగుటకై మఱి 15 దినములు కలుపుకొనవలెను. 165 దినములకు 5,280 కిలోలు కావలసియుండును.

ఎకరము వరిచేనిలో చెడకుండ నిలువచేసిన గడ్డి సుమారు 1,500 కిలోలని యెంచినచో, రెండున్నర ఎకరముల రైతుకు 3,750 కిలోలు చేరును. లోటు 1,530 కిలోలు. ఈ లోటు ఏప్రిలు చివరనో మే నెలలోనో ఒక్కమారుగ మీదపడును. అప్పటికి పొరుగువారి కుప్పలును తరుగును.

ఇదే లోటును జనవరిలోనే రెండు విధముల పూడ్చవచ్చును. ఏండ్ల తరబడి చూడి కట్టని ఆవును అప్పుడే, ఒడలు నిండియుండగనే, అమ్ముటయో మేతగల బంధువులకు పాలికి ఇచ్చుటయో చేసినచో 825 కిలోల గడ్డి మిగులును. శేషించిన 705 కిలోలకు బదులుగా రెండు టన్నులకు కొంచెము మించిన పాతరగడ్డి సరిపోవును. దీనికి రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, ఒక మీటరు లోతు గల గొయ్యి చాలును. ఎవరి మందను బట్టి, ఎవరి పొలమును బట్టి వారీ లెక్కను వేసికొనవలెను. ఒక పశువును తగ్గించుట అవమానము కాదు. ఆరు పశువులను అర్ధాకలితో నుంచుటకంటె అయిదింటిని కడుపునిండ మేపుటయే పాడికి లాభము.

3. వరిగడ్డిని కాపాడుట

ఇటీవల పలు గ్రామములలో వరి కోతయంత్రములతో కోయబడుచున్నది. యంత్రము గడ్డిని చేనంతట చెదరగొట్టును. ఆ గడ్డి రెండు మంచు రాత్రులు తడిసినచో బూజుపట్టును. దానిని చేనిలోనే కాల్చు రైతు, వేసవిలో అదే గడ్డిని వెలపెట్టి కొనవలసివచ్చును. కోసిన మరుసటి దినమే గడ్డిని పోగుచేసి, కట్టలు కట్టు యంత్రము దొరకిన చోట కట్టలు కట్టించి, బాగుగ ఎండిన పిమ్మట కుప్ప వేయవలెను. కుప్ప అడుగున రాళ్లును, కొయ్యలును పరచినచో నేల చెమ్మ ఎక్కదు. బూజు పట్టిన గడ్డిని పశువునకు, ముఖ్యముగ చూడి పశువునకు, వేయరాదు.

కుప్పను ఇంటికిని సాలకును దూరముగ నుంచవలెను. వేసవి గాలిలో ఒక్క నిప్పురవ్వ కుప్పనుండి పూరియింటికి, పూరియింటినుండి సాలకు పోవును. పశువులను గొలుసులతో గాక, ఒక్క లాగుతో ఊడివచ్చు ముడివేసిన పలుపులతో కట్టవలెను. సాలకు రెండు దిక్కుల దారి యుండుట మేలు.

వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లకు మించవు. యూరియాతో మాగవేసినచో అవి ఏడెనిమిది పాళ్లగును. గడ్డి మెత్తబడి పశువు ఎక్కువగ మేయును. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగ కరగించి, గడ్డిని పొరలు పొరలుగ పరచి, ఒక్కొక్క పొరపై ఆ నీటిని సమముగ చల్లి, త్రొక్కి, గాలి చొరకుండ ప్లాస్టిక్ గుడ్డతో మూడు వారములు కప్పియుంచవలెను. తీసిన గడ్డిని కొంతసేపు గాలికి ఆరబెట్టి, మొదట కొంచెము కొంచెముగ అలవాటు చేయవలెను. ఆరు నెలల లోపు దూడలకు దీనిని పెట్టరాదు. యూరియా కలిపిన నీరు విషము. పశువు మూతి పెట్టు చోట దానిని ఉంచరాదు. యూరియాను కుడితిలో కలుపుట ప్రాణాపాయము.

4. పాతరగడ్డియు, పచ్చిమేతయు

మొక్కజొన్న గింజ పాలుపట్టి గట్టిపడుచున్న సమయమునను, జొన్న పూతదశలోను కోసి, ముక్కలుగ నరికి గోతిలో పొరలుగ వేసి త్రొక్కవలెను. గాలి ఎంత పోయిన మేత అంత మంచిది. ఉద్దానపు ఇసుక నేలలో గోతి గోడలు జారును. కొన్ని తావుల నీరు పైననే యుండును. అట్టిచోట గట్టున గొయ్యి త్రవ్వి, లోపల మందపు ప్లాస్టిక్ గుడ్డ పరచవలెను. లేదా గాలిచొరని సంచులలో నింపవలెను. పైన కప్పి మన్ను వేసి, నలువదియైదు దినములకు తెరచినచో తియ్యని పులుపు వాసనగల మేత లభించును. తెరచిన పిమ్మట ప్రతిదినమును ఒక ప్రక్కనుండియే తీసి వెంటనే మూయవలెను.

వరి కోసిన పల్లములలో వేసిన మినుము, పెసరల కట్టెను కల్లమున వదలివేయరాదు. ఉలవ కట్టె, వేరుశనగ తీగ, చోడిగడ్డి వరిగడ్డికంటె బలమైన మేతలు. వీనిని విడిగ నిలువచేసి, పాడి పశువులకును చూడి పశువులకును వేరుగ నుంచవలెను.

నెలల తరబడి వట్టి గడ్డియే తిన్న పశువునకు ఎ విటమిను కొఱవడి రేచీకటి కలుగును; దూడలు గ్రుడ్డివిగనో బలహీనముగనో పుట్టును. అందుచే నాలుగైదు కిలోల పచ్చిమేతయైనను ప్రతి పెద్ద పశువునకు దినమును అందవలెను. నుయ్యి గల కొబ్బరితోటలో చెట్టునకు చుట్టును రెండు మీటర్ల పాదు విడిచి, నడిమి నేలను గినీగడ్డికి కేటాయించవచ్చును. అది నీడను సహించును. ఎండ తగులు చోట హైబ్రిడ్ నేపియర్ నాటినచో, మొదటి కోత పిమ్మట నీరుండు కొలది నలువది అయిదు దినముల కొకసారి కోయవచ్చును. నీరు లేని రైతు కంచెలపైనను గట్లపైనను అవిసె, సుబాబుల్, గ్లైరిసిడియా పెంచవలెను. వీని వేళ్లు లోతునకు పోవును గనుక చైత్రమునను ఆకు నిలుచును. సుబాబుల్ ఆకు మొత్తము మేతలో మూడవ వంతు మించరాదు. మించినచో వెండ్రుకలు రాలును.

5. తోటలనుండి లభించు మేత

పనస ఆకును పశువులు ఇష్టముగ తినును. పనసపండు తొక్కును, పీచును సన్నగ నరికి గడ్డిలో కలిపి పెట్టవచ్చును. ఒక్కసారిగ గంపెడు పెట్టినచో కడుపుబ్బరము కలుగును. జీడిమామిడి తోటలలో పిక్క తీసికొని పండును నేలపై వదలుట వాడుక. ఆ పండ్లను ఏరి, కోసి, ఎండబెట్టి గడ్డిలో కొంచెము కొంచెముగ కలుపవచ్చును. రాలి పులిసిన పండ్లున్న తోటలోనికి ఆకలిగొన్న పశువును తెల్లవారుజామున విడువరాదు. ముందు గడ్డి వేసి, పిమ్మట కొలదిసేపు మాత్రమే విడువవలెను. పలాస, కాశీబుగ్గల పిక్కల కార్ఖానాల తొక్కులో చర్మమును పొక్కించు ఘాటైన నూనె యుండును. ఆ తొక్కు పశువుల మూతికి అందరాదు; పడకగను పరువరాదు.

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, ఉద్దానమున కొబ్బరి, జీడి, పనస చెట్లను విస్తారముగ కూల్చినది. చెట్టుతోపాటు పశువు నిలుచు నీడయు పోయినది. తిరిగి నాటిన కొబ్బరి ఎదిగి నీడనిచ్చుటకు ఏండ్లు పట్టును. లేత తోటలో పశువును విడిచిన యెడల మొవ్వు పోవును. కనుక అట్టి తోటలందు గడ్డి కోసి సాలకు మోసికొని వచ్చుటయే మంచిది.

సోంపేట ప్రక్కనున్న బీల వంటి చిత్తడి నేలలు చుట్టుపట్ల గ్రామముల మందలకు పచ్చిక నిచ్చును. అచ్చట విద్యుత్కేంద్రము తలపెట్టగా రైతులును మత్స్యకారులును ఎదిరించిరి. 2010 జూలై 14న కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. పర్యావరణ అనుమతియు రద్దయినది. ఇట్టి ఉమ్మడి పచ్చికలను దున్నక, పూడ్చక కాపాడుకొనుట ప్రతి గ్రామమునకును మేలు.

ఇసుక నేలపై మేత చల్లుట ఈ ప్రాంతమున పెద్ద పొరపాటు. గడ్డితో పాటు ఇసుక కడుపులోనికి పోయి పేరుకొని, అజీర్ణమును మలబద్ధమును కలిగించును. గాడి లేనిచోట పలకలతోనో, పాత కొబ్బరి మొద్దును తొలిచియో ఒక తొట్టి చేసికొనవలెను.

6. నీరు

వేసవిలో పాడి ఆవునకు, గేదెకు దినమునకు 70 మొదలు 100 లీటర్లును, పని యెద్దునకు 50, 60 లీటర్లును నీరు కావలెను. పాలలో నూటికి ఎనుబదియేడు పాళ్లు నీరే. ఒక్కొక్క లీటరు పాలకు సుమారు నాలుగు లీటర్ల నీరు అదనముగ పోవును. దినమునకు రెండు మారులు మాత్రమే త్రావించు ఇంట, మేత ఎంత యున్నను పాలు తగ్గును. నీరు ఎల్లప్పుడును నీడలోని తొట్టిలో అందుబాటున నుండవలెను. కుండలో చల్లబడిన నీటిని కలిపి, తొట్టిని వారమునకు రెండుమారులు కడిగి సున్నము పూయవలెను. కుళాయి నీరు మనుష్యులకై యుద్దేశింపబడినది గనుక పశువులకై నుయ్యిని, చెరువును వేసవికి ముందే పూడిక తీసి సిద్ధపరచుకొనవలెను.

తీరపు ఇసుకలో మంచినీరు ఉప్పునీటిపై తేలియుండును. నుయ్యిని యంత్రముతో గంటల తరబడి తోడినచో క్రింది ఉప్పునీరు పైకి వచ్చును. ఉదయము కొంత, సాయంత్రము కొంత తోడుట శ్రేయస్కరము. నీరు ఉప్పనైన చోట మేతలో ఉప్పు కలుపక, వేరొక తొట్టిలో నుంచి పశువు తన ఇష్టము కొలది నాకనీయవలెను. నీరు తియ్యనైన చోట పెద్ద పశువునకు దినమునకు 30 గ్రాముల ఉప్పును, 50 గ్రాముల ఖనిజ లవణముల మిశ్రమమును పెట్టవలెను. నౌపడ ఉప్పుమడులు సమీపముననే యుండగా ఉప్పునకు ఈ ప్రాంతమున కొఱతయుండదు. కుడితిలో తవుడు, కొబ్బరి చెక్క, వేరుశనగ చెక్క తగుమాత్రము కలిపినచో పశువు నీరును ఎక్కువగ త్రాగును.

7. నీడయు, గాలియు

లోపలి జిల్లాలలో ఎండ హెచ్చు. కాని గాలి పొడిగ నుండుటచే చెమట వెంటనే ఆరి ఒడలు చల్లబడును. ఉద్దానమున ఎండ అంతకంటె తక్కువైనను గాలిలో తేమ హెచ్చుటచే చెమట ఆరదు. 35 డిగ్రీల ఎండలోనే సంకరజాతి ఆవు రొప్పుట ఇందువలననే. కావున ఇచ్చట గాలి ఆడుట నీరు చల్లుటకంటె ముఖ్యము. మూసిన సాలలో పదేపదే నీరు చల్లినచో ఉక్క పెరుగునేగాని చల్లదనము రాదు.

సాల పొడవు తూర్పుపడమరలుగ నుండవలెను. సముద్రపుగాలి వచ్చు ప్రక్క గోడ నడుమెత్తునకు మించరాదు. రేకుల కప్పుపై కొబ్బరి కమ్మలు మందముగ పరచవలెను. కొబ్బరి కమ్మలతోనో తాటాకుతోనో నేసిన కప్పు అన్నిటికంటె చల్లనిది. మధ్యాహ్నము ఒక మారు పశువు వీపుపై నీరు పోసి, గాలి తగులు చోట నిలుపవలెను. గేదెకు నల్లని చర్మము, తక్కువ చెమట గ్రంథులు ఉండుటచే అది ఎండకు మఱింత లోబడును. చెరువు లేనిచో దానిని దినమునకు మూడుమారులు తడుపవలెను. వేసవిలో గేదె ఎద బయటికి కానరాదు. దీనిని మూగ ఎద యందురు. తెల్లవారుజామునను, రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మటను పరీక్షించినచో గుర్తింపవచ్చును.

మేపు ఉదయము తొమ్మిది గంటల లోపలను, సాయంత్రము నాలుగు గంటల పిమ్మటను జరుగవలెను. నెమరువేయునపుడు ఒంటిలో వేడిపుట్టును గనుక ఎండుగడ్డిలో ఎక్కువ భాగము రాత్రి వేయవలెను. ఎద్దుల పని తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదికి ముగింపవలెను.

8. వడదెబ్బ

నీడలో నిలిచిన పశువు డొక్క ఎన్నిమారులు కదలునో ఒక నిమిషము లెక్కింపవలెను. ముప్పది లోపల నున్న క్షేమము. అరువది దాటినచో వేడి బాధించుచున్నదని తెలిసికొని నీడ, నీరు, గాలి సమకూర్చవలెను. నోరు తెరచి, నాలుక చాచి, చొంగకార్చుచు రొప్పునది అపాయములో నున్నది. అట్టి పశువును కదలింపక, ఉన్నచోటనే నీడ కట్టి, తలపైనను మెడపైనను కాళ్లపైనను చల్లని నీరు ఎడతెగక పోసి విసరవలెను. తనంతట త్రాగగలిగినపుడు ఉప్పు, బెల్లము కలిపిన నీరు కొంచెము కొంచెముగ నీయవలెను. రొప్పుచున్న పశువు నోట గొట్టముతో ఏమియు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయును. వెంటనే పశువైద్యశాలకు కబురంపవలెను.

9. తొలకరి జాగ్రత్తలు

వేసవి గట్టెక్కిన పశువు తొలకరిలో చచ్చుట కలదు. గొంతువాపు, జబ్బవాపు వానలతో వచ్చు వ్యాధులు. రోహిణీ కార్తెకు ముందే వీనికి టీకాలు వేయింపవలెను. చిక్కిన పశువునకును విడువరాదు. గాలికుంటు, ముద్దచర్మ వ్యాధుల టీకాలను పశువైద్యశాఖ ప్రకటించు సమయములలో వేయించుకొనవలెను. ముద్దచర్మ వ్యాధి మనదేశమున మొదటిమారు 2019లో పొరుగుననున్న ఒడిస్సాలోనే బయటపడినది గనుక, ఈ సరిహద్దు గ్రామముల రైతులు సంతలో కొన్న పశువును కొన్నాళ్లు వేరుగ కట్టి చూచి, పిమ్మట మందలో కలుపవలెను.

నీరు లేక వాడి, తొలివానకు చిగిర్చిన లేతజొన్నలో నాము అను విషముండును. పూతకు రాని జొన్నను మేపరాదు. తొలకరి పచ్చికపైకి ఆకలితో నున్న పశువును విడువక, ముందు ఎండుగడ్డి వేసి పంపవలెను.

రైతులు జ్ఞాపకముంచుకొనవలసినవి

పుష్యము: గడ్డిని తూచి, పశువులను లెక్కించి, లోటును తెలిసికొనుట, తగ్గింపవలసిన పశువును అప్పుడే తగ్గించుట.
మాఘము: కట్టెను నిలువచేయుట, పాతర నింపుట, నూతుల పూడిక తీయుట.
ఫాల్గుణము: సాల కప్పుపై కమ్మలు పరచుట, యూరియా గడ్డి మొదటి కుప్ప మాగవేయుట.
చైత్రము, వైశాఖము: పాతర తెరచుట, చెట్లమేత కోయుట, మేపు వేళలు మార్చుట, పదునైదు దినములకొకమారు మిగిలిన గడ్డిని మరల లెక్కించుట.
జ్యేష్ఠము: టీకాలు, దుక్కి యెడ్లకు చెక్క పెంచుట, వాన ఆలస్యమునకై ఉంచిన పదునైదు దినముల గడ్డిని చివరివరకు ముట్టకుండుట.

పశువునకు జబ్బు చేసినపుడు సమీప పశువైద్యశాలకు తెలుపవలెను; 1962 అను ఉచిత సంఖ్యకు టెలిఫోను చేసి సంచార పశువైద్య వాహనమును కోరవచ్చును.